బడి చదువు, బైబిలు చదువు



మన పల్లె సంఘములలో రెండు విధములైన మాటలు వినబడుచుండును. ఒక తండ్రి, "పిల్లవాడు పరీక్షకు చదువుకొనవలెను. బైబిలు ముందు కూర్చుండిన మార్కులు వచ్చునా? అది ముసలితనములో చదువుకొనవచ్చును" అనును. మరియొక తండ్రి, "మనకు వాక్యము చాలును. ఈ లోకపు చదువు మన బిడ్డలను దేవునికి దూరము చేయును" అని చెప్పి కూతురిని బడి మాన్పించును. ఆదివారమున ఈ ఇద్దరును ఒకే చాపమీద కూర్చుండి ఒకే ప్రసంగము విందురు. వీరిలో ఎవరి మాట సరియైనది? నీవు ఈ ఇద్దరిలో ఎవరి పక్షమున నున్నావు?

దీనికి వాదముచేత జవాబు చెప్పుటకంటె మన ఒంగోలు సీమలో జరిగిన సంగతిచేత చెప్పుట మేలని తోచుచున్నది.

జాన్ ఎవరెట్ క్లౌ అనునాయన 1836వ సంవత్సరమున అమెరికా దేశపు న్యూయార్కు రాష్ట్రమందు పుట్టెను. పడుచుతనములోనే సర్వే పనికి పోయి, గొలుసు పట్టి అడవులు, బయళ్లు కొలిచెను. నేల ఎత్తుపల్లములు చూచుట, కొలతలు వేయుట, లెక్క కట్టుట ఆయనకు చేతనైన విద్య. పిమ్మట ప్లీడరు కావలెనను ఆశతో అయోవా రాష్ట్రములోని బర్లింగ్టను పట్టణమందలి కళాశాలలో చేరెను. అప్పటికి ఆయనకు దేవుని సంగతి పట్టదు.

అక్కడ ఆయనతో ఒకే గదిలో నివసించిన విద్యార్థి భక్తిగలవాడు. అతడు దినదినము బైబిలు చదువుకొని ప్రార్థించుచుండెను. ఇది క్లౌకు నచ్చలేదు. ఆయన ఒక సుద్దముక్క తీసికొని గది నడుమ గీత గీచి, నీ ప్రార్థనలన్నియు ఆ ప్రక్కనే యుండనిమ్ము, ఈ ప్రక్కకు రానీయకుము అని చెప్పెనని మిషను చరిత్రలలో నున్నది. ఒక ప్రక్క లోకవిద్య, మరియొక ప్రక్క దేవుని వాక్యము! చదువరీ, ఆ సుద్దగీత ఈనాడు మన యిండ్లలో కూడ లేదా?

ఆ గీత ఎంతోకాలము నిలువలేదు. ఆ కళాశాలలో నున్నప్పుడే ఆయన ప్రభువును నమ్మెను. ప్లీడరు కావలెనన్న కోరిక విడిచి, 1865లో మన దేశమునకు వచ్చి, 1866లో ఒంగోలు చేరెను.

ఒంగోలులో పెద్దకులములవారు కొందరు తమ పిల్లలకు మంచి బడి కావలెనని ఆయనను అడిగిరి. బైబిలు పాఠమునకు సయితము ఒప్పుకొనిరి. దొరగారికి సంతోషము కలిగెను. ఇంతలో కనిగిరి ప్రాంతములోని తాళ్లకొండపాడునుండి ఎర్రగుంట్ల పేరయ్య అను భక్తుని ద్వారా మాదిగ సహోదరులు ప్రభువునొద్దకు వచ్చుట మొదలాయెను. 1867 జనవరిలో అక్కడ బాప్తిస్మములు జరిగెను. అది విన్న పెద్దకులములవారు, "వీరిని చేర్చుకొన్న యెడల మేము మీయొద్దకు రాము" అనిరి. దొరగారు గొప్ప చిక్కులో పడిరి. చదువుగలవారిని పోగొట్టుకొనవలెనా? చదువులేనివారిని త్రోసివేయవలెనా?

ఆ రోజున ఆయన ఒక గదిలోను, ఆయన భార్య హారియెట్ దొరసానిగారు మరియొక గదిలోను ప్రార్థనలో నుండి బైబిలు తెరచిరి. ఒకరి సంగతి ఒకరికి తెలియకయే ఇద్దరును మొదటి కొరింథీయులకు వ్రాసిన పత్రిక 1వ అధ్యాయము 26వ వచనము మొదలు చదివిరట. లోకరీతిగా జ్ఞానులు, ఘనులు అనేకులు పిలువబడలేదనియు, లోకము తక్కువగా ఎంచినవారినే దేవుడు ఏర్పరచుకొనెననియు పౌలు చెప్పిన భాగమది. వారు ఇరువురును మాటలాడుకొని, ఇక సందేహింపక మాదిగపల్లెల తట్టు తిరిగిరి. పెద్దకులములవారి పిల్లలు వెళ్లిపోయిరి.

ఈ చోట మొదటి తండ్రికి ఒక మాట. ఆ దినమున దొరగారికి ఏ కళాశాల పుస్తకము త్రోవ చూపెను? కొలతల విద్య నేల ఎంత పల్లమో చెప్పును గాని, పల్లమందు పడియున్న మనుష్యుడు నీ సహోదరుడని చెప్పదు. అది వాక్యమే చెప్పెను.

అయితే కథ అంతటితో ముగియలేదు. 1876లో వానలు పోయెను. 1877లో కరవు ముదిరెను. చెన్నపట్నపు రాజధాని జిల్లాలలో లక్షలాది జనము ఆకలిచేతను కలరాచేతను చనిపోయిరి. అప్పుడు దొరతనమువారు కరవు పనిగా బకింగ్‌హామ్ కాలువ త్రవ్వించుచుండిరి. కూలి యున్నది గాని పేదలకది సరిగా ముట్టలేదు. పైన నిలిచినవారు మాదిగవారిని దూషించి, కూలిలో మోసము చేయుచుండిరి. త్రవ్విన మట్టి కొలతనుబట్టి కూలి యిచ్చుచోట, కొలత ఎరుగనివానిని కొలిచినవాడు ముంచివేయును గదా!

అప్పుడు క్లౌ దొరగారు ఏమి చేసిరి? ప్రార్థన చేసి ఊరకుండలేదు. తన పాత సర్వే విద్యను బయటికి తీసిరి. కాలువలో మూడు మైళ్లకు పైచిలుకు భాగము తామే గుత్తకు తీసికొనిరి. తమ బోధకులను మేస్త్రీలుగా నిలువబెట్టిరి. ఒక్కసారిగా మూడువేలమంది వరకు అక్కడ పనిచేసిరి. పని చేసినవానికి పూర్తి కూలి దొరికెను, పస్తులున్న పిల్లలకు గంజి దొరికెను. మధ్యాహ్నము అలసి కూర్చున్నప్పుడు, ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు తనయొద్దకు పిలిచిన సంగతి బోధకులు చెప్పుచుండిరి. మట్టితట్ట మోసిన నెత్తికి ఆ మాట ఎంత చల్లగా తగిలియుండునో ఆలోచించుము.

ఇప్పుడు రెండవ తండ్రికి ఒక మాట. సహోదరుడా, ఆ దినమున దొరగారికి కొలతలు, లెక్కలు రాకయుండిన యెడల ఆ కాలువ గుత్త తీసికొనగలిగియుండునా? ఆయన అడవిలో గొలుసు పట్టినప్పుడు దేవుని ఎరుగడు. అయినను దేవుడు ఆ విద్యను వ్యర్థము కానీయక, ఇరువది యేండ్ల తరువాత ఒంగోలు తాలూకా బీదల కడుపు నింపుటకు వాడుకొనెను. లోకవిద్య అని నీవు త్రోసివేయుచున్నది రేపు నీ ఊరివారి ప్రాణమును కాపాడునేమో, ఎవరు చెప్పగలరు?

కరవు దినములలో వేలకొలది జనులు బాప్తిస్మము అడిగిరి. కూటి కొరకు చేరిరను మాట రాకూడదని, దొరగారు ఏడాదికి పైగా ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. కరవు సహాయము ముగిసిన పిమ్మటనే ఒప్పుకొనిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీటిలో దిగి ఆ పని చేసిరి.

అది గొప్ప దినమే. కాని ఒక సంగతి మరువకుము. ఒక దినములో రెండువేల మందికి బాప్తిస్మము ఇయ్యవచ్చును గాని, ఒక దినములో ఒక్కరికైనను అక్షరములు నేర్పలేము. నదిలోనుండి లేచి వచ్చినవారిలో చదువను నేర్చినవారు మిక్కిలి కొద్దిమంది. వారి చేతికి బైబిలు ఇచ్చిన ఏమి లాభము? అందుచేత గుడి కట్టినచోట బడియు పెట్టవలసివచ్చెను. పగలు కూలిపని, రాత్రి దీపముముందు అ ఆలు. ఊరిబడి గడప తొక్కనీయనివారి బిడ్డలు వాక్యము చదువుటకై అక్షరములు నేర్చిరి. ఆ అక్షరములతోనే తరువాత చీటి చదువుకొనిరి, పత్రము చదువుకొనిరి, ఉపాధ్యాయులైరి. బైబిలు చదువు బడి చదువునకు శత్రువు కాదు. అనేక పల్లెలలో అదియే దానికి తల్లి.

నీ చేతిలోని తెలుగు బైబిలు ఎట్లు వచ్చెనో ఎరుగుదువా? 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెగ్రాంజి అను మిషనరీలు, ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి సహాయముతో సువార్తలను తెలుగు చేయ మొదలుపెట్టిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను చనిపోయిరి. వారి తరువాత ప్రిచెట్ దొరగారు ఆ పని సాగించి క్రొత్త నిబంధన ముగించిరి. అది 1818లో చెన్నపట్నమున అచ్చుపడెను. గ్రీకు వ్యాకరణము, తెలుగు భాషాజ్ఞానము, అచ్చుపని, ఇవన్నియు లోకవిద్యలే గదా. అవి లేకపోయిన యెడల యోహాను సువార్త మన అవ్వలకు ఏ భాషలో వినబడియుండును?

బైబిలు సయితము ఇట్లే బోధించుచున్నది. మోషే ఐగుప్తీయుల విద్యలన్నియు నేర్చెనని అపొస్తలుల కార్యములు 7:22లో నున్నది. పౌలు గమలీయేలు పాదములయొద్ద చదివెను. పేతురు, యోహానులు విద్యలేని పామరులని అధికారులు ఆశ్చర్యపడిరి. దేవుడు చదువుకొన్నవానిని ఆ చదువుతో వాడుకొనెను. చదువులేనివానిని త్రోసివేయలేదు. ఎవని విద్యయైనను ఆయన పాదములయొద్ద పెట్టనిదే ఫలింపలేదు.

కాబట్టి చదువరీ, రెండింటిలో ఏది మేలు అని అడుగుట మానుము. పారకు పిడి మేలా, ఆకు మేలా అని అడుగుదుమా? అయితే ఒక భేదము కలదు. ఎట్లు చేయవలెనో బడి చదువు నేర్పును, ఎవరి కొరకు చేయవలెనో వాక్యము నేర్పును. ఎవరి కొరకో ఎరుగనివాడు ఎంత చదివినను, ఆ చదువు తన కడుపుకే చాలును. కాలువగట్టుమీద బీదవానిని మోసగించినవారికి కూడ లెక్కలు వచ్చుననుట మరువకుము.

నేడు సాయంకాలము నీ యింటిలో ఈ పని చేసి చూడుము. పిల్లవాని బడి పుస్తకము మూయించవద్దు. పాఠము ముగించిన తరువాత వానిచేత బైబిలు తీయించి, చదువురాని అవ్వ ప్రక్కన కూర్చుండబెట్టి, ఒక అధ్యాయము బిగ్గరగా చదివించుము. అవ్వ వినును, వాడు నేర్చును. కూతురున్న యెడల ఆమెచేతను చదివించుము, ఆమెను బడి మాన్పించవద్దు.

నీ యింటిలో ఎవరైనను సుద్దగీత గీచియున్న యెడల, ప్రభువు దానిని చెరిపివేయును గాక.