కుక్కపిల్లకు వచ్చిన పేరులేని జబ్బు
గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పశువైద్యం ఒంగోలు గిత్త, పాడిగేదెల చుట్టూ పెరిగింది. గుంటూరు దగ్గరి లాం ఫారంలో నేటికీ ఒంగోలు జాతిని పోషిస్తున్నారు. పెంచుకుందామని తెచ్చిన కుక్కపిల్ల తిండి మాని, వాంతులతో, నెత్తురు విరేచనాలతో కూలబడితే అది అంతుచిక్కని జబ్బుగా మిగలడానికి గొడ్ల మీదే ఉన్న ఈ దృష్టి ఒక కారణం. ఇంకో కారణం, పార్వో అనే ఈ వైరస్ జబ్బే కొత్తది. కుక్కలకు వచ్చే మరో జబ్బు డిస్టెంపర్‌కు వైరస్ మూలమని ఫ్రాన్సులో కారే అనే శాస్త్రవేత్త 1905లోనే చెప్పాడు గానీ, పార్వో 1978లో గాని ప్రపంచమంతా పాకలేదు.

పత్తికి, మిరపకు కొట్టిన మందే కారణం కాదా అంటే, ఆ అనుమానం న్యాయమైనదే. అయితే మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందు విషం చొంగ, వణుకు, కుంచించుకుపోయిన కంటిపాపలతో త్వరగా బయటపడుతుంది. పార్వో కొన్నాళ్ళు లోపలే పెరిగి పేగులనూ తెల్ల రక్తకణాలనూ దెబ్బతీస్తుంది. నేలలో నెలల తరబడి బతుకుతుంది కూడా. అందుకే ఒక పిల్ల పోయిన వాకిట్లోకి టీకా వేయని మరో పిల్లను తేకూడదు. జబ్బుపడినదానికి సెలైన్, వాంతులు ఆపే మందు, వెచ్చని చోటు, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి.