ఎవరి ఎన్నిక?

నాయకుణ్ణి దేవుడే నియమిస్తాడన్న క్రైస్తవ విశ్వాసాన్ని పాలకవర్గ భావజాలమని ఒక్కమాటతో కొట్టిపారేయడం మనకు అలవాటు. తూర్పు కనుమల చరిత్ర అంత సులువుగా లొంగదు.

అపొస్తలుల కార్యములలోనే రెండు పద్ధతులున్నాయి. యూదా స్థానానికి ఇద్దరిని నిలబెట్టి చీట్లు వేస్తే మత్తీయ పేరు వచ్చింది. విధవరాండ్రకు ఆహారం పంచడంలో పేచీ వస్తే ఏడుగురిని జనమే ఎన్నుకున్నారు. కొండలెక్కింది మాత్రం మూడో పద్ధతి. జర్మనీలోని బ్రెక్లుం నుంచి 1882లో వచ్చిన లూథరన్ మిషన్ కనుమ దిగువన సాలూరులోనూ, అరకుకు ఆవల కోరాపుట్, జయపురంలలోనూ నిలదొక్కుకుంది. ఉపదేశిని నియమించేది మిషనరీ. అది దైవనిర్ణయమని చెప్పేదీ ఆయనే. ముఠాదారుకు సర్కారు సనదులిచ్చిన మన్యానికి ఇది వింత కాదు.

అయితే అక్కడి సంఘాల్లో చేరినవారిలో ఎక్కువమంది డొంబులు, అంటరానివారుగా ఎంచబడినవారు. ఊరి పెద్దల సరసన చోటులేని మనిషి సంఘపెద్దయి, తనను నిలబెట్టింది ఊరి నాయకుడు కాదు, దేవుడు అనుకోగలగడాన్ని నేను తక్కువ చేయలేను. అదే సిద్ధాంతం దొరకూ పనికొచ్చింది, డొంబుకూ పనికొచ్చింది.

1912లో దోర్నకల్‌కు వి.ఎస్. అజరయ్య బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. అభ్యంతరపెట్టినవారిలో తెల్ల మిషనరీలూ ఉన్నారు. దైవనిర్ణయం మీద వారి నమ్మకం ఆ పూట ఎక్కడికి పోయిందో!

1914లో యుద్ధం వచ్చింది. బ్రిటిష్ సర్కారు జర్మన్ మిషనరీలను శత్రుదేశీయులుగా నిర్బంధించి, తర్వాత వారి దేశానికి పంపేసింది. రోమా పత్రిక 13వ అధ్యాయం ప్రకారం ఆ సర్కారు అధికారమూ దేవుడిచ్చిందే. కాపరులు పోయినా కొండ సంఘాలు మిగిలాయి. 1928లో అవి జయపురం ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి.