వస్త్ర విశేషము

మధ్యాహ్నం రెండున్నర. వైశాఖం ఎండ కొత్తూరు వీధుల్ని ఊడ్చేసింది, మనిషన్నవాడు కనపడడు. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద లారీలు మాత్రం ఆగవు. వాటి రొద మా గోడల్లోకి ఇంకిపోయింది, ఎప్పుడైనా ఆగితేనే ఉలిక్కిపడతాం. తలుపులు దగ్గరికేసి, బండలు తడిగుడ్డతో తుడిచి, ఆరాక నడింట్లో నాలుగు పాత నూలు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచాం. ఫ్యాను గాలికి లేవకుండా ఒక మూలన ఇత్తడి చెంబు, ఇంకో మూలన కల్వం, మూడో మూలన ఇస్త్రీపెట్టె. నాలుగో మూలకు ఏమీ దొరక్క అత్తమ్మ నా చేతిలో పుస్తకం లాక్కుని పెట్టింది.

"మంచి బరువున్నది. ఆడనే ఉండనియ్యి."

అది సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. ఎయిర్‌పోర్టులో షిఫ్టులు చేసి చేసి వారం సెలవు పెట్టుకున్నది దాన్ని మొదటి పేజీ నుంచి చదవడానికి. ఎండలు పోయేలోపు బొంత కుట్టాలన్నది అత్తమ్మ పట్టు. కూలర్ ఉన్నది ఈ ఒక్క గదిలోనే కాబట్టి రెండు పనులూ ఇక్కడే పడ్డాయి.

నా వంతుగా బీరువాలోంచి ఒక పాలిస్టర్ చీర తెచ్చాను. రంగు బాగుంది, ఎక్కడా చిరగలేదు. అత్తమ్మ రెండు వేళ్లతో నలిపి చూసి పక్కకు పడేసింది. "జారుతది. చెమట పీల్వది. దీన్ని బొంతల వెడితే పండుకున్నోళ్లు పొద్దుగాల్లకు గోడకాడ తేల్తరు." కింద గట్టి చీర, పైన చూడ్డానికి బాగున్నది, నడుమ చినిగినవి. చినిగినవే మెత్తగా ఉంటాయి, బొంతకు అసలు ఒళ్లు అవే. ముందు జానెడు జానెడుకు వదులుగా కచ్చా కుట్లు వేసి పొరలు కదలకుండా చేసింది. తర్వాత అంచులు లోపలికి మడిచి, ఒక మూల నుంచి టాకాలు మొదలుపెట్టింది. సూది మీద నాలుగైదు టాకాలు ఎక్కించడం, దారం లాగడం, బొటనవేలి గోటితో వరసను సాపు చేయడం. చప్పుడు ఉండదు. దారం బట్టలోంచి వచ్చేటప్పుడు సర్రుమనే ఆ చిన్న మోత తప్ప.

నేను కుట్టబోతే దారం ముడిపడింది. "మూరకంటె ఎక్కువ తియ్యకు." మళ్లీ కుడితే వేలు గుచ్చుకుని తెల్ల గడుల మీద రక్తం చుక్క. మొదటిరోజు నా వరస ఎట్లా పోయిందో చెప్పను. మా కిటికీలోంచి కనిపించే కరెంటు తీగ దానికంటే తిన్నగా ఉంటుంది.

కుట్టే కళ్లు చదవలేవు, చదివే చేతులు కుట్టలేవు. ఇది నాకు సోమవారం సాయంత్రానికి తెలిసింది. అత్తమ్మకు ముందే తెలుసు. "నువ్వు సదువు. నేను కుడ్త. నాకు సదువు రాదు, నీకు కుట్టు రాదు." పుస్తకం ఉన్న మూలకు పచ్చడి జాడీ వచ్చింది.

పుస్తకం 1949లో అచ్చయింది. 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ తెలుగులో మొదటి పురస్కారం దీనికే ఇచ్చింది, అప్పటికి ప్రతాపరెడ్డి పోయి రెండేళ్లు. ఆయన పాలమూరు మనిషి. మేమూ 2016 అక్టోబరు దాకా పాలమూరు జిల్లాలోనే ఉండేవాళ్లం, జిల్లాలు విడగొట్టినప్పుడు కొత్తూరు రంగారెడ్డి కిందికి వచ్చింది. కాగితం మీద మేం మారాం గానీ అత్తమ్మ నోట్లో మాట మారలేదు. ఆ మాటకు ఈ పుస్తకంలో ఇంత పని ఉంటుందని నేను అనుకోలేదు.

ఏ రాజు ఏ కోట గెలిచాడన్నది ఈయనకు పట్టదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆట ఆడారు, దేనికి భయపడ్డారు, అది కావాలి. దానికోసం కావ్యాలన్నీ జల్లెడ పట్టారు. పాల్కురికి సోమనాథుడు, శ్రీనాథుడు, ఆముక్తమాల్యద. కవి వర్ణన కోసం వేసిన మాటను ఈయన సాక్ష్యంగా పట్టుకుంటారు. మంగళవారం మేం కాకతీయుల కాలంలో ఉన్నాం. సోమనాథుడు బట్టల పేర్లు వరసపెట్టిన చోటు వచ్చింది. ఆ పేర్లలో సగం నోరు తిరగలేదు, అర్థం ఒక్కటీ తెలియలేదు. ఇలాంటి మాటలకు నిఘంటువు తెరిస్తే తరచు ఒకటే జవాబు: వస్త్ర విశేషము. ఆటైతే క్రీడా విశేషము. ఈ 'విశేషము'లంటే ప్రతాపరెడ్డికి ఒళ్లుమంట.

"ఇసేసమంటే?" అంది అత్తమ్మ, సూది ఆపకుండా.

"ఒక రకం బట్ట అని."

"ఏ రకం?"

"అది రాయలేదు."

"మరి రాసుడెందుకు?"

ఆమె బొంత మీద చెయ్యి పరిచి తన నిఘంటువు తీసింది. పైన ఉన్న గడుల చీర నారాయణపేటది, పెద్దాడపడుచు పెళ్లికి కొన్నది. దాని కింద గద్వాల చీర, పట్టు అంచు కోసి దాచి, నూలు ఒళ్లు మాత్రం బొంతకిచ్చింది. మూడోది మా ఆయన పుట్టినప్పుడు పుట్టింటివాళ్లు పెట్టినది, ఉతికి ఉతికి ఇప్పుడు పాలమీగడలా ఉంది. నాలుగోది సంతలో కొన్న ముతక చీర, పేరు లేదు. "గిది పొలం చీర" అంది. పొలానికి కట్టినది కాబట్టి.

మార్కో పోలో మోటుపల్లి వైపు వచ్చినప్పుడు ఇక్కడి సన్నబట్టను చూసి సాలెగూడుతో పోల్చాడని చెప్పాను. రాజులు, రాణులు దాన్ని కట్టుకోవడానికి ఉబలాటపడతారని కూడా రాశాడు. అత్తమ్మ ఆలోచించింది. "గంత పల్సగుంటే ఎన్నొద్దులు కడ్తరు? బొంతకు గూడ రాదు."

బుధవారం కరెంటు మూడు గంటలు పోయింది. ఏమీ చదవలేదు, ఏమీ కుట్టలేదు. మామిడికాయ తిన్నాం.

గురువారం పొద్దున్నుంచే ఇన్ముల్‌నర్వ వైపు ఆటోలు పోతున్నాయి, జేపీ దర్గాకు. ఒక ట్రాలీలో మేకపోతు కూడా నిలబడి పోయింది, కందూరు మొక్కు విందుకు. నా పదేళ్ల కూతురు కిటికీ దగ్గర నిలబడి లెక్కపెట్టింది, తర్వాత విసుగొచ్చి బొంత మీద బోర్లా పడుకుంది. అప్పుడే పుస్తకంలో అచ్చనగండ్లు అన్న మాట దగ్గర ఆగాను. పిల్ల ఫోను అందుకోబోయింది, వెతుకుదామని. అత్తమ్మ దారం పళ్లతో తెంపి, సూదిని జాకెట్‌కు గుచ్చుకుని లేచింది. పెరట్లోంచి ఐదు గులకరాళ్లు తెచ్చింది. డెబ్బై దాటిన మనిషి కింద చతికిలబడి ఒక రాయి ఎగరేసింది. అది గాల్లో ఉండగానే కింద ఒకటి ఏరింది, పడేదాన్ని అదే చేత్తో పట్టింది. తర్వాత రెండు రెండు. తర్వాత మూడూ ఒకటీ. చివరికి ఐదింటినీ ఎగరేసి మండ మీద నిలిపింది. ఒక రాయి జారిపోతే తిట్టుకుంది, రాయిని కాదు, కీళ్లను.

ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి క్రీడా విశేషము మా బండల మీద టకటకలాడుతుంటే పిల్ల నోరు తెరిచి చూసింది. సాయంత్రానికి దాని గోళ్లు అరిగాయి. నేను ఆ పేజీలో గుర్తు కోసం ఎర్రదారం ముక్క పెట్టాను.

శుక్రవారం రాత్రి మేడ మీద చాపేసుకున్నాం. ఈశాన్యాన ఆకాశం మసక ఎరుపుగా ఉంటుంది, విమానాశ్రయం దీపాలకు. 2008కి ముందు అటు చీకటే ఉండేది. ఫోనులో బెంగాల్ కాంథాలు చూపించాను. మనవాళ్లు జోగుల బొంతను కంథ అంటారు, వాళ్ల కాంథా కూడా ఆ మాటే. అవీ పాత చీరలే, అవే టాకాలు. కాకపోతే వాళ్లు దాని మీద ఏనుగుల్ని, పల్లకీల్ని, చేపల్ని కుట్టారు. జసీముద్దీన్ 1929లో ఒక పొడుగాటి కావ్యమే రాశాడు, భర్త దూరమైన ఒక పల్లెటూరి ఆడపిల్ల తన బతుకంతా కాంథా మీద కుట్టుకుంటుంది అందులో. కన్నడదేశంలో ఇదే బొంతను కౌది అంటారని కూడా చెప్పాను. అత్తమ్మ బొమ్మల్ని చాలాసేపు చూసింది. కళ్లద్దాలు పైకి తోసి మళ్లీ చూసింది.

"పిల్లకు జెప్పినవా ఆమె సంగతి?"

"చిన్నది కదా అత్తమ్మా."

"చిన్నదే. బొంత మీద పండుకుంటది గద."

శనివారం నా వరస మొదటిసారి తిన్నగా వచ్చింది. దాదాపు తిన్నగా. అత్తమ్మ దాన్ని మెచ్చుకోలేదు, విప్పలేదు. సోమవారంనాటి నా వరసలు రెండూ ఆమె రాత్రిపూట విప్పి మళ్లీ కుట్టిందని అప్పుడు గమనించాను. దారం రంగు తేడా. రక్తం చుక్క మాత్రం అట్లాగే ఉంది, గోధుమరంగుకు తిరిగి. నారాయణపేట గడుల్లో ఒక గడిలాగా కలిసిపోయింది.

ఆదివారం సాయంత్రం తిమ్మాపూర్ వైపు నుంచి రైలు కూత. రేపు పొద్దున ఐదింటికి నా షిఫ్టు బండి వస్తుంది. అన్నం పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చున్నాను. బొంత సగం దాటింది, పుస్తకమూ సగం దాటింది. రాయలవారు వెళ్లిపోయారు, విజయనగరమూ పోయింది, పరంగివాళ్లు వచ్చారు.

"ఇంకెంతున్నది?" అంది అత్తమ్మ.

చివరి పేజీల వైపు తిప్పి చూశాను. చరిత్ర 1907 దాకా నడుస్తుంది. మేం ఉన్నది 1757 దగ్గర.

"నూటయాభై ఏండ్లు."

అత్తమ్మ కుట్టని వైపుకు వంగి, వేళ్లు చాపి కొలిచింది.

"నాది నాలుగు జానలు," అంది. పుస్తకం నా ఒళ్లోంచి తీసుకుని, జాడీ జరిపి, నాలుగో మూలన పెట్టింది.