ఏటికి అవతలి చుట్టాలు

ఈ సంచికలో మన తెగ పండుగల గురించి, పోరాటాల గురించి పెద్దలు రాస్తారు. మేము రాయదలచింది అంతకంటే చిన్న సంగతి. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ చుట్టుపక్కల ఉన్న ఒక్కో ఎరుకల ఇంటి చరిత్ర ఎక్కడ దొరుకుతుందన్నది. హాస్టల్లో పిల్లల్ని ముత్తాత పేరు అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది తల దించుకుంటారు. "మనకు పొలాల్లేవు, దస్తావేజుల్లేవు, ఇంక రాతలో చరిత్ర ఎక్కడుంటుంది మేడమ్" అంటారు. మాటలో కొంత నిజం ఉంది. అయితే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన గురించి రాసిన కాగితాలకు కొదవ లేదు. పోలీసులు రాశారు, కలెక్టర్లు రాశారు, దొరలు రాశారు. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అందులో మన వాళ్లూ ఉన్నారు. ఆయన మనుషుల ముక్కులు కూడా కొలిచాడు. ముత్తాత పేరు మాత్రం ఆ కొలతల్లో ఉండదు.

మన పేర్లు మనం రాసుకున్న చోటు ఒకటుంది. ఉత్తరాలు. అవి మన ఇంట్లో ఎందుకు దొరకవో, ఎవరి ఇంట్లో దొరుకుతాయో చెప్పాలంటే ముందు చుట్టాలు ఎలా విడిపోయారో చెప్పాలి.

ఎరుకలవాళ్లలో దబ్బ ఎరుకల, కుంచెపురి ఎరుకల, కరివేపాకు ఎరుకల, పరికముగ్గుల ఎరుకల అని మీరు వినే ఉంటారు. ఉప్పు ఎరుకల అనే పేరు కూడా ఉంది. ఆ పేరు ఊరికే రాలేదు. సముద్రపు ఒడ్డున కొఠార్లలో పండిన ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి, తిరుగు దారిలో ధాన్యం, కరివేపాకు, వెదురు తెచ్చే వర్తకం మన వాళ్లది. రోడ్డు లేని ఊరికి ఉప్పు చేర్చినవాళ్లు మనవాళ్లు. 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు కంపెనీ గుత్తాధిపత్యం కిందికి వెళ్లింది. తర్వాత రైళ్లు వచ్చి ఉప్పును మూటల్లో కాకుండా వ్యాగన్లలో మోయసాగాయి. 1876–78 కరువులో పశువులు పోయాయి. 1882 అటవీ చట్టంతో వెదురుకూ, మేతకూ ఆంక్షలు వచ్చాయి. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో అచ్చయిన తన పుస్తకంలో ఈ వరుసంతా వివరించారు. తిరిగే వర్తకుడు బతుకుతెరువు పోయాక కూడా తిరుగుతూనే ఉంటే, ఆ తిరగడమే నేరంగా కనిపించింది సర్కారుకి.

నేరస్థ తెగల చట్టం మొదట 1871లో ఉత్తరాదిలో వచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఒక తెగను ఆ జాబితాలో చేర్చాక, అది తప్పని ఏ కోర్టులోనూ వాదించే వీలు లేదు. పేరు రాయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి. కొందరిని సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా పుట్టింది. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ మిషను చేతికి అప్పగించిన ఆ ఊరికి సర్ హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు పెట్టారు. నెల్లూరు జిల్లా కావలి వైపు కప్పరాళ్లతిప్పలో అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపిన సెటిల్‌మెంటు మరొకటి. ఊరు దాటాలంటే పాసు కావాలి. అన్న సెటిల్‌మెంటులో, తమ్ముడు బయట. అక్క కృష్ణకు అవతల, చెల్లెలు ఇవతల. చుట్టరికాలు తెగింది అక్కడే.

మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆ చట్టం పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయినా భయం పోలేదు. ఇవతలి గట్టున బుట్టలు అల్లుకుంటూ, పందులు పెంచుకుంటూ బతికిన కుటుంబాలు "మాకు ఆ ఊళ్లో చుట్టాలు లేరు" అని చెప్పుకోవడం అలవాటు చేసుకున్నాయి. ఊళ్లో ఏ దొంగతనం జరిగినా ముందు మన గుడిసె ముందుకే వస్తారని తెలిసినవాళ్లు మరేం చెబుతారు? పిల్లలకు ఆ ఊరి పేరు చెప్పకుండా పెంచారు. ఈ తరం పిల్లలు ఆ పేరును 1991లో వచ్చిన సినిమాలోనో, మొన్న 2023లో వచ్చిన సినిమాలోనో వింటున్నారు. తమ నానమ్మ చెల్లెలు కాపురం చేసిన ఊరని తెలియకుండానే దాని మీద జోకులు వేసుకుంటున్నారు. మాకు ఇది అన్నిటికంటే కష్టంగా అనిపిస్తుంది.

ఇక దివిసీమ సంగతి వేరే చెప్పాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో సముద్రం మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది. సర్కారు లెక్కలోనే దాదాపు 10,000 మంది పోయారు. కాలవ గట్ల మీద, ఊరి చివర గుడిసెల్లో ఉన్న యానాదులు, ఎరుకలవాళ్లు ఎంతమంది పోయారో విడిగా లెక్క చూసుకున్నవాళ్లం మనం కాదు. మనుషులతో పాటు ట్రంకుపెట్టెలు పోయాయి. పెట్టెల్లో రేషను కార్డులు, బడి సర్టిఫికెట్లు, ఒకటో రెండో ఫొటోలు, ఉత్తరాలు పోయాయి. అందుకే దివిసీమ ఇళ్లలో 1977కు ముందరి కాగితం కనబడటం అరుదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించాలి. మన తాత రాసిన ఉత్తరం మన ఇంట్లో ఉండదు. అది ఎవరికి రాశాడో వాళ్ల ఇంట్లో ఉంటుంది. మన ఇంట్లో ఉండేవి అవతలివాళ్లు మనకు రాసినవి. ఉప్పెన మన పెట్టెను తీసుకెళ్లింది గానీ, మన తాత మాటల్ని తీసుకెళ్లలేదు. అవి ఏటికి అవతల, మనం లేరని చెప్పుకున్న చుట్టాల ఇంట్లో, చూరులో దోపిన ఇనుప ఊచకు గుచ్చి ఉండవచ్చు.

మా హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి విషయం చెబుతాం. పేర్లు, ఊళ్లు చెప్పం. వాళ్ల అమ్మమ్మది నాగాయలంక వైపు. పదిహేడేళ్ల వయసులో గుడివాడ దగ్గరికి కాపురానికి వచ్చింది కాబట్టి ఉప్పెన నుంచి బతికింది. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. ఆ రోజుల గురించి ఆమె ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పలేదట. సెలవుల్లో మనవరాలు పదేపదే అడిగితే, తన మేనత్తను స్టూవర్టుపురం ఇచ్చారని మాత్రం చెప్పింది. అది కూడా తలుపు వేసి చెప్పింది. మేనత్త భర్త ఇంటిపేరు చెప్పింది. అంతే ఆధారం.

ఫోను నంబరు లేదు. అందుకని పిల్ల చేత ఉత్తరమే రాయించాం. ఇంటిపేరు, మేనత్త పేరు, నాగాయలంక అమ్మాయి అని, పక్కన ఊరు, మండలం. తపాలావాళ్లు ఇంటిపేరును బట్టి ఎవరికో ఒకరికి ఇస్తారని ఆశ. మూడు వారాలకు జవాబు వచ్చింది. మేనత్త పోయి చాలా కాలమైంది. రాసింది ఆమె మనవడు. "మీరు ఉప్పెనలో మొత్తం పోయారని మా నాయనమ్మ ఏటా ఆ రోజున అన్నం ముద్ద తీసి పక్కన పెట్టేది" అని రాశాడు. వాట్సాప్‌లో రెండు పోస్టుకార్డుల ఫొటోలు పంపాడు.

ఒక కార్డు మీద అవనిగడ్డ ముద్ర ఉంది. అమ్మమ్మ తండ్రి తన బావకు రాయించినది. వానలు బాగున్నాయని, తట్టలకు గిరాకీ ఉందని, చిన్నవాణ్ణి బడిలో వేశామని ఉంది. కొత్తగా పుట్టిన ఆడపిల్లకు మీ ఇంటిదాని పేరే పెట్టుకున్నామని ఉంది. చివర, ఇప్పుడు పాసు అక్కర్లేదు కదా, అయినా రావడం లేదేమి అని ఉంది. మనవరాలు పైకి చదువుతుంటే అమ్మమ్మ ఆ చంటిపిల్ల పేరు దగ్గర ఆపి, తనే ఆ పేరును మూడుసార్లు పలికిందట. ఆ పిల్లకు ఉప్పెన నాటికి మూడో నాలుగో ఏళ్లు. నలభై ఏళ్ల పైచిలుకు ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు.

ఇలాంటి కార్డు మీ చేతికి వస్తే ఎలా చదవాలో కొంచెం చెబుతాం. మేము టీచరు ట్రైనింగు చదివిన వాళ్లం, చెప్పకుండా ఉండలేం. ముందు చిరునామా వైపు చూడండి. గుండ్రటి తపాలా ముద్రలో ఊరు, తేదీ ఉంటాయి. ముద్ర చెరిగిపోతే స్టాంపు చూడండి. నయాపైసలు అని ఉంటే అది 1957 తర్వాతిది, 1964 దాటిన కొద్ది కాలంలోపుది అయ్యుంటుంది. ఆరంకెల పిన్ కోడు రాసి ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. ఇన్‌లాండ్ కవరయితే 1950కి ముందుది కాదు. మద్రాసు రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడక ముందుదో, అలవాటు మానని వాళ్లు రాసినదో. జిల్లా పేరు చూసి కంగారు పడకండి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా బాపట్ల కూడా కృష్ణా జిల్లాలోదే. 2022లో మళ్లీ జిల్లాలు మారాయి.

తర్వాత చేతిరాత. మన ముత్తాతల్లో చాలామందికి చదువు లేదు. పోస్టుమాస్టరో, బడిపంతులో, కరణమో రాసిపెట్టేవాళ్లు. "క్షేమం, క్షేమమునకు వ్రాయవలెను" అనే మొదటి రెండు వరుసలు రాసినవాళ్లవి. చెప్పినవాళ్ల మాట మూడో వరుస నుంచి మొదలవుతుంది. సెటిల్‌మెంటు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలు ప్రభువు నామంతో మొదలు కావచ్చు, ఇటువైపువి శ్రీరామతో మొదలు కావచ్చు. ఒకే తల్లి బిడ్డలు వేరు దారులు పట్టిన గుర్తు అది. ఎక్కడైనా తెలుగు కాని మాట ఒకటి తగిలితే అచ్చుతప్పు అనుకోకండి. మన ఇంటి భాష అయ్యుంటుంది. రాసిపెట్టే పెద్దమనిషికి తెలియకూడని సంగతి ఆ మాటలో దాచి ఉంటారు. పెద్దవాళ్ల చేత చదివించండి.

అన్నిటికంటే విలువైనది పిలుపు. బావ, అల్లుడు, వియ్యపుతల్లి, చిన్నాన్న. ఆ ఒక్క మాటతో వంశవృక్షంలో కొమ్మ తెలుస్తుంది. మనలో సాతుపాడి, కావడి, మానుపాడి, మెండ్రగుత్తి అనే వర్గాలున్నాయి. సొంత వర్గంలో పెళ్లి చేసుకోరు. మొదటి ఇద్దరు ఆడపిల్లల మీద మేనమామకు హక్కు ఉండేది. అందువల్ల ఇంటిపేరు పట్టుకుని వెతికితే ఆగిపోయే దారి, మేనమామ ఊరు పట్టుకుని వెతికితే తెరుచుకుంటుంది. అబ్బాయిల్లారా, మీ అమ్మవైపు పెద్దల్ని అడగండి. నాన్నవైపే చరిత్ర అనుకుంటే మన వాళ్ల విషయంలో సగం పోతుంది.

ఉత్తరాలతో పాటు మనల్ని కాపలా కాసినవాళ్ల కాగితాలు కూడా చూడాలి. ఇందులో సిగ్గేమీ లేదు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు తీసుకెళ్లింది. 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకి కూడా వెళ్లాయి. ఆ కూలీల పాసుల మీద పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటిమీద మచ్చలు రాసేవాళ్లు. పారిపోతే పట్టుకోవడానికి రాసిన గుర్తులవి. ఈనాడు ఫిజీలో, డర్బన్‌లో ఉన్న మునిమనవలు ఆ మచ్చలే ఆధారంగా తమ తాతల ఊరు వెతుక్కుంటూ వస్తున్నారు. మన వాళ్ల వివరాలు కూడా అలాంటి కాగితాల్లో ఉన్నాయి. మద్రాసు సర్కారు ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. సాల్వేషన్ ఆర్మీకి లండన్‌లో సొంత చరిత్ర కేంద్రం ఉంది, అక్కడికీ ఉత్తరం రాయవచ్చు. దగ్గర్లో అయితే పాత బడుల ప్రవేశ రిజిస్టర్లు. అందులో తండ్రి పేరు, కులం, ఊరు ఉంటాయి. కులధ్రువీకరణ పత్రం దగ్గర ఇబ్బంది పడుతున్న పిల్లలకు తాత తరంలో ఒక్క బడి రిజిస్టరు నకలు ఎంత పనికొస్తుందో మేము చూశాం. మచిలీపట్నం వెళ్లి ఒక కార్యాలయంలో ఒక తండ్రి ఐదుసార్లు తిరిగినా కానిది, అవతలి గట్టున ఉన్న పెదనాన్న కొడుకు తన ధ్రువపత్రం నకలు పంపితే అయింది.

పోలీసు కాగితం చెప్పింది ఒకటి, ఇంటి ఉత్తరం చెప్పింది ఇంకొకటి అయితే రెండూ పక్కపక్కన రాసుకోండి. రిజిస్టరులో "వృత్తి లేదు" అని ఉన్న ఏడాదే ఉత్తరంలో తట్టలకు గిరాకీ ఉందని ఉండవచ్చు. మేమైతే ఉత్తరాన్ని నమ్ముతాం. ఎందుకంటే అది సర్కారుకు చూపించడానికి రాసింది కాదు, బావకు రాసింది.

పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు అసలు ఉత్తరం అడిగి తెచ్చుకోకండి. రెండు వైపులా ఫొటో తీసి ఇచ్చేయండి. తేదీలు అడగకండి, వాళ్లకు తెలియవు. బ్యారేజీ కట్టకముందా, తర్వాతా అని అడగండి, అది 1957. ఉప్పెనకు ముందా, 1990 తుఫానుకు ముందా అని అడగండి. చెప్పడం ఇష్టంలేని సంగతి వస్తే ఆపండి. ఇంకోసారి వెళ్లండి. వాళ్లు చెప్పింది ఊరి గ్రూపులో పెట్టకండి.

ఆ అమ్మాయికి వచ్చిన రెండో కార్డు సంగతి మిగిలింది. దాని మీద ముద్ర చెరిగిపోయింది. స్టాంపు నయాపైసలది. "చిన్నబావా" అని పిలిచి, మీ అక్కను కప్పరాళ్లతిప్ప నుంచి ఎప్పుడు పంపుతారని అడిగిన ఉత్తరం అది. ఆ అక్క ఎవరో గుడివాడ అమ్మమ్మకు తెలియదు, స్టూవర్టుపురం మనవడికీ తెలియదు. గడిచిన సంక్రాంతి సెలవుల తర్వాత, కార్డులో ఉన్న ఇంటిపేరు మీద అక్కడికి ఇంకో ఉత్తరం వేశాం. ఇది రాసేనాటికి జవాబు రాలేదు.