నాలుగు గంటలకు వేసే పాట

తెల్లవారుజాము నాలుగు కావస్తోంది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఇటలీ ఈశాన్య మూల, పోర్దెనోనె పట్టణం బయట ఒక డిస్కోలో వందలమంది మధ్య గెంతుతున్నావు. 1996 డిసెంబరు, శనివారం రాత్రి. నిజానికి ఆదివారం వచ్చేసి నాలుగు గంటలైంది. నీకు ఇరవై ఏళ్లు. స్పీకర్ల దెబ్బ చెవికి కాదు, రొమ్ముకి తగులుతోంది. అందులో డ్రమ్ము ఏదో, నీ గుండె ఏదో నీకు తెలియడం లేదు.

జేబు తడుముకో. కారు తాళాలు లేవు. ఫియట్ ఊనో నీ స్నేహితుడిది, తాళాలూ వాడి దగ్గరే ఉన్నాయి. వాడు బార్ దగ్గర నిలబడ్డాడు. అది ఎన్నో గ్లాసో వాడికే తెలియదు. మీ ఇల్లు ఊదినెలో ఉంది, యాభై కిలోమీటర్ల దూరం. బయట పొగమంచు. అదంతా తర్వాత చూసుకుందాంలే అనుకుంటావు.

అప్పుడు డీజే రికార్డు మారుస్తాడు.

మొదట నీకు తేడా తెలియదు. దెబ్బ ఆగలేదు, వేగం తగ్గలేదు. నిమిషానికి సుమారు 137 దెబ్బలు. నీ కాళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. దాని మీదికి వయొలిన్లలాంటి పొర ఒకటి మెల్లగా వచ్చి పరుచుకుంటుంది. ఆ వెంటనే పియానో. స్వరం తర్వాత స్వరం, తొందరపడకుండా. పాడే గొంతు లేదు, మాటలు లేవు. కొంచెం దిగులుగా ఉంటుంది, అయినా ఆగిపోవాలనిపించదు.

నీ భుజాలు దిగుతాయి. బిగబట్టిన పిడికిళ్లు విడతాయి. పక్కనున్న అమ్మాయి గెంతడం మానేసి, కళ్లు మూసుకుని, నిలబడ్డచోటే ఊగుతోంది. ఇంత వేగంగా కొట్టే పాట మనిషిని నెమ్మదింపజేయడమేమిటి? కిటుకు ఇక్కడే ఉంది. డ్రమ్ము హఠాత్తుగా ఆపేస్తే జనం ఈలలు వేస్తారు, గొడవ చేస్తారు, అదే ఊపులో బయటికి పోతారు. అందుకే కాళ్లకి కావలసింది కాళ్లకి ఇచ్చి, తలని మాత్రం పియానో చేతిలో పెట్టారు.

ఈ పాట నీకు తెలుసు. ఈ ఏడాది ఐరోపాలో తెలియనివాళ్లు తక్కువ. ‘చిల్డ్రన్’, రాబర్ట్ మైల్స్. పేరు ఇంగ్లిష్‌వాడిలా ఉన్నా మనిషి మీవైపువాడే. అసలు పేరు రొబెర్తో కొంచీనా. ఇటాలియన్ తల్లిదండ్రులకు స్విట్జర్లాండ్‌లో పుట్టి, ఊదినె పక్కనున్న ఫగాన్యాలో పెరిగాడు. 1995లో బయటికొచ్చిన ఈ రికార్డు జర్మనీలో, ఫ్రాన్స్‌లో మొదటి స్థానానికి ఎక్కింది, బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. డాన్సు పాటకి ‘పిల్లలు’ అని పేరేమిటి అని నీకూ ఎప్పుడో అనిపించే ఉంటుంది. మీ ఊరికి తూర్పున, కారులో గంట కూడా పట్టని దూరంలో సరిహద్దు ఉంది. దానవతల ముక్కలైన యుగొస్లావియా. అక్కడి యుద్ధంలో చిక్కుకున్నవాళ్లకి సాయం చేయడానికి రొబెర్తో తండ్రి వెళ్లాడు. వచ్చేటప్పుడు ఫొటోలు తెచ్చాడు. వాటిలో ఉన్నది పిల్లలు.

ఆ పియానో వరుస కట్టడానికి అదొక కారణం. రెండో కారణం ఇప్పుడు నిన్ను పార్కింగ్‌లో కలుస్తుంది.

పాట అయిపోయింది, దీపాలు వెలిగాయి. తలుపు తోసుకుని బయటికొస్తే చలి ముఖం మీద కొడుతుంది. పొగమంచులో పది అడుగుల అవతలున్న కారు కనిపించదు. స్నేహితుడు తాళాలు వేలికి తిప్పుతూ నడుస్తున్నాడు.

“ఇరవై నిమిషాల్లో ఇంట్లో ఉంటాం, చూస్తూ ఉండు” అంటాడు.

యాభై కిలోమీటర్లు, ఇరవై నిమిషాలు. లెక్క నువ్వే వేసుకో.

అరగంట ముందైతే “పదరా, ఇంకా తొక్కు” అనేదానివో, అనేవాడివో. ఇప్పుడు తల కొంచెం తేటగా ఉంది. ఎక్కుతావా? తాళాలు అడుగుతావా? అడిగితే వాడికి రోషం వస్తుంది. వెనక సీట్లో ఎక్కాల్సినవాళ్లు ఇద్దరు పక్కనే ఉన్నారు, వాళ్ల ముందు పరువు సంగతి.

“తాళాలు ఇటివ్వరా.”

“ఎందుకు? నువ్వేమన్నా తాగలేదా?”

“ఒక్క బీరు. పన్నెండింటికి ముందు.”

వాడు నీ ముఖంలోకి చూస్తాడు. నవ్వుతాడు. తాళాలు విసురుతాడు.

13వ నంబరు జాతీయ రహదారి ఎక్కావు. కసర్సా దాటింది. రెండు పక్కలా కోసేసిన మొక్కజొన్న చేలు, నీటి కాలవలు. కనిపించవు, కానీ ఉన్నాయి. ముందు తల్యమెంతో నది, దాని మీద దెలీత్సియా వంతెన. వెనకవాళ్లు నిద్రపోయారు. స్పీడు అరవై. పక్కన వాడు గొణుగుతున్నాడు, ఎడ్లబండా ఇది అని.

వంతెన మొదలైంది. తెల్లగా ఉంది. అంతా తెల్లగానే ఉంది. గీత కనపడదు. అద్దం తుడుస్తావు. ఎర్రగా ఏదో. చుక్క. రెండు చుక్కలు. కదలడం లేదు. లారీ. ఆగి ఉంది. తొక్కు. చక్రాలు జారాయి. వదులు. మళ్లీ తొక్కు. ఆగు. ఆగు.

ఆగింది.

లారీ వెనక తలుపుకి మూరెడు ఇవతల. ఎవరూ మాట్లాడరు. వైపర్లు మాత్రం తిరుగుతున్నాయి. నువ్వు అరవైలో ఉన్నావు. వాడైతే నూట యాభైలో ఉండేవాడు.

రెండో కారణం ఇదే. ఇటలీలో అప్పట్లో ప్రతి సోమవారం పేపర్లో ఇలాంటి రోడ్ల మీద నలిగిపోయిన కార్ల ఫొటోలు. రాత్రంతా గెంతి, మందూ మాత్రలూ మింగి, అలసిపోయి, తెల్లారుజామున స్టీరింగ్ పట్టుకున్న పిల్లలు. ‘శనివారం రాత్రి మారణహోమం’ అని ఈ చావులకి ఒక పేరే పెట్టేశారు. డిస్కోలు తొందరగా మూయించాలని తల్లిదండ్రులు గోల పెట్టారు. కొంచీనా తానే డీజే. తను గెంతించిన జనమే ఆ కార్లలోకి ఎక్కడం ఆయన చూస్తున్నాడు. అందుకే రాత్రి చివర వేయడానికి, వాళ్లని దించి ఇంటికి పంపడానికి ఒక పాట చేశాడు. దానివల్ల ఎందరు బతికారో లెక్క తీయడం కుదరదు. రాని చావుని ఎవరు లెక్కపెడతారు? కానీ ఒక డాన్సు రికార్డుని అలాంటి పనికి పురమాయించినవాడు నాకు మరొకడు గుర్తురావడం లేదు.

ఇక కొన్నేళ్లు ముందుకి దూకు. 2000ల మొదట్లో ఉన్నావు. పని వెతుక్కుంటూ జర్మనీ వెళ్లావు. మళ్లీ శనివారం, మళ్లీ డిస్కో. ఈసారి రాత్రి ఒకటిన్నరే. జనం ఇప్పుడిప్పుడే కాగుతున్నారు. ఎక్కడో విన్న వరుస ఒకటి లేస్తుంది. అదే! జనం అరుస్తారు, నువ్వూ అరుస్తావు. ఫ్యూచర్ బ్రీజ్ పేరుతోనూ రికార్డులు చేసిన జర్మన్లే ‘4 క్లబ్బర్స్’ అని పేరు పెట్టుకుని ‘చిల్డ్రన్’కి కవర్ చేశారు, అంటే అదే పాటని తమ పద్ధతిలో మళ్లీ చేశారు. స్వరాలు అవే. దెబ్బ మాత్రం బరువెక్కింది. పియానో వరుసని సింథ్ ఎత్తుకుని కప్పు దాకా మోగిస్తోంది. నీ భుజాలు దిగవు, ఇంకా లేస్తాయి. పాట అయిపోగానే దానికంటే గట్టిది పడుతుంది.

బాగుందా? బాగుంది, అబద్ధం ఎందుకు? వరుస అంత గట్టిది. ఎవరు ఎలా మోగించినా నిలబడుతుంది. కానీ అసలు రికార్డుకి ఒక వేళ ఉండేది, ఒక పని ఉండేది. కవర్ వరుసని తీసుకుంది, పనిని అక్కడే వదిలేసింది. ఎక్కడ దించాలో అక్కడే ఎక్కించింది. కవర్ చేసేవాళ్లు స్వరాలు అచ్చుగుద్దినట్టు దించగలరు గానీ, ఆ పాట ఏ గంటకి వెయ్యాలో వాటిలో రాసి ఉండదు కదా.

ఆ రోజులకే కొంచీనా డాన్సు పాటల దారి వదిలేసి వేరే సంగీతంలోకి వెళ్లిపోయాడు. మన ముంబై తబలా కళాకారుడు త్రిలోక్ గుర్తుతో కలిసి 2004లో ఒక ఆల్బం కూడా చేశాడు. 2017 మే 9న ఇబీసా దీవిలో క్యాన్సర్‌తో పోయాడు. వయసు 47. ‘చిల్డ్రన్’ మాత్రం యాభై లక్షలకి పైగా కాపీలు అమ్ముడైంది.

రెండూ విను. పార్టీ నడుమ ఊపు కావాలంటే జర్మన్ల కవర్ వేసుకో, తప్పేం లేదు. జనం చెప్పులు వెతుక్కుంటూ, తాళాలు తీసుకుంటున్న వేళకి మాత్రం కొంచీనాదే వెయ్యి. వేశాక, తాగినవాడి దగ్గర తాళాలు అడుగు.