ఎబొరాకుమ్: యార్క్ నగరపు లాటిన్ పేరు, దాని పుట్టుక, అర్థాలు

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్ నగరానికి రోమన్ల కాలంలో ఉన్న పేరు ఎబొరాకుమ్. పాత రాతల్లో ఎబురాకుమ్ అనే రూపం కూడా తరచుగా కనిపిస్తుంది. పేరు చివర లాటిన్ ప్రత్యయం ఉన్నా మూలం మాత్రం లాటిన్ కాదు. రోమన్లు రాకముందు బ్రిటన్ దీవిలో వాడుకలో ఉన్న బ్రిటానిక్ అనే కెల్టిక్ భాష నుంచి అది వచ్చింది. రోమన్లు ఆ పేరును తమ వ్యాకరణానికి తగ్గట్టు మలుచుకుని శాసనాల్లోకీ చట్టాల్లోకీ ఎక్కించారు. తర్వాత వచ్చిన ఆంగ్లో శాక్సన్లు, డేన్లు, నార్మన్లు ఎవరికి వారు దాన్ని తమ నోటికి అనువుగా మార్చుకున్నారు. నేటి యార్క్ అన్న మాట ఆ మార్పుల చివర మిగిలిన రూపం. అది సముద్రం దాటి న్యూయార్క్ పేరులో కూడా చేరింది.

పేరులోని మాటలు

భాషావేత్తలు ఊహించి కట్టిన మూలరూపం ఎబురాకోన్. ఇందులోని ‘ఎబురోస్’ అనే కెల్టిక్ మాటకు యూ చెట్టు అని అర్థం. సూదుల్లాంటి ఆకులతో ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఈ చెట్టు వందల ఏళ్లు బతుకుతుంది. దాని ఆకులూ గింజలూ విషం. మధ్యయుగపు ఇంగ్లిష్ విలుకాండ్ర పొడవాటి విల్లులు ఎక్కువగా దీని కర్రతోనే చేసేవారు. ‘ఆకోన్’ అనే ప్రత్యయం ఒక వస్తువు ఉన్న చోటునో, ఒక మనిషికి చెందిన చోటునో సూచిస్తుంది. రెండూ కలిపితే యూ చెట్లున్న చోటు అనే అర్థం వస్తుంది. మన చింతలపూడి, మర్రిపాడు, వేపగుంట ఎలా పుట్టాయో ఈ పేరూ అలాగే పుట్టిందన్నమాట.

ఇదే మూలానికి ఇంకో వివరణ కూడా ఉంది. ఎబురోస్ అనేది మనిషి పేరు కూడా కావచ్చు. కెల్టిక్ జాతుల్లో చెట్ల పేర్లు పెట్టుకునే అలవాటు ఉంది. ‘ఆకోన్’ ప్రత్యయం భూస్వామి పేరు పక్కన చేరి అతని ఎస్టేటుకు పేరు కావడం గాల్ దేశంలో, అంటే నేటి ఫ్రాన్సు ప్రాంతంలో, చాలాచోట్ల కనిపిస్తుంది. అలా చూస్తే ఎబురాకోన్ అంటే ఎబురోస్ అనే వ్యక్తి భూమి. ఈ రెండింటిలో చెట్టు అర్థానికే ఎక్కువ ఆదరణ ఉంది.

మూల పదానికి చుట్టాలు ఐరోపా అంతటా ఉన్నాయి. పాత ఐరిష్‌లో ‘ఇబర్’ అంటే యూ చెట్టే. వెల్ష్‌లో దీనికి బంధువైన ‘ఎవుర్’ వేరే మొక్కకు పేరైంది. స్విట్జర్లాండ్‌లోని ఇవెర్డోన్ పాత పేరు ఎబురోడూనుమ్. ఫ్రాన్సులోని ఆంబ్రన్ పాత పేరూ అదే. పోర్చుగల్‌లోని ఎవొరా నగరం లాటిన్ నామం ఎబొరాను కూడా చాలామంది ఈ కుదురుకే చేరుస్తారు. నేటి బెల్జియం ప్రాంతంలో ఉండిన ఎబురోనులు అనే జాతి పేరులోనూ ఇదే మూలం ఉంది. ఆ జాతికి ఇద్దరు రాజులుండేవారు. వారిలో వృద్ధుడైన కటువోల్కుస్ క్రీ.పూ. 53లో రోమన్లతో పోరాడే శక్తీ పారిపోయే ఓపికా లేక యూ చెట్టు విషం తీసుకుని చనిపోయాడని జూలియస్ సీజర్ తన గాల్ యుద్ధాల గ్రంథంలో రాశాడు. ఆ చెట్టు గాల్‌లోనూ జర్మనీలోనూ విస్తారంగా ఉంటుందని కూడా అక్కడే చెప్పాడు.

లాటిన్‌లో ఏనుగు దంతానికి ‘ఎబుర్’ అనే మాట ఉంది. దాని షష్ఠీ రూపం ‘ఎబొరిస్’. నగరం పేరుకూ దీనికీ ఉన్న పోలిక ధ్వనిలోనే తప్ప అర్థంలో లేదు.

రోమన్ల కాలం

క్రీ.శ. 71లో బ్రిటన్ గవర్నరు క్వింటుస్ పెటిల్లియుస్ కెరియాలిస్ ఉత్తరాన బ్రిగాంటెస్ జాతిని లొంగదీయడానికి బయలుదేరాడు. లిండుమ్‌లో, అంటే నేటి లింకన్‌లో ఉన్న తొమ్మిదో లీజియన్ అనే సైనిక దళాన్ని ముందుకు నడిపించి ఊజ్, ఫాస్ నదులు కలిసే చోట కోట కట్టించాడు. దాని వైశాల్యం దాదాపు 50 ఎకరాలు. అందులో 5,000కు పైగా సైనికులుండేవారు. కొత్త కోటకు రోమన్లు కొత్త పేరు వెతకలేదు. ఆ చోటును స్థానికులు ఏమని పిలుస్తున్నారో అదే తీసుకున్నారు.

పేరు రాతలో మొదట కనిపించేది రాజశాసనంలో కాదు, ఒక చిరునామాలో. హేడ్రియన్ గోడకు దగ్గరలో ఉన్న విండోలాండా కోటలో దొరికిన చెక్క పలక మీద ‘ఎబురాకి’ అని, అంటే ఎబురాకుమ్‌లో అని రాసి ఉంది. ఆ పలక క్రీ.శ. 95, 104 సంవత్సరాల మధ్య కాలానిది. ఇలాంటి పలకలకు ఒక వైపు మైనం పూత పూసి, ఇనుప ఘంటంతో ఆ మైనం మీద రాసేవారు. మైనం ఎప్పుడో కరిగిపోయింది. ఘంటం ఒత్తిడికి చెక్కలో పడిన గీతలు మిగిలాయి. అలాంటి పలకల మీది రాతను చదవగలిగేది ఆ గీతల వల్లే. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉండి భూగోళ గ్రంథం రాసిన టాలమీ గ్రీకులో ఎబొరాకోన్ అని రాసి, అది బ్రిగాంటెస్ ఊరనీ అక్కడ ఆరో లీజియన్ ఉందనీ చెప్పాడు. తొమ్మిదో లీజియన్ స్థానంలో ఆరో లీజియన్ వచ్చింది హేడ్రియన్ చక్రవర్తి కాలంలో. రహదారుల మజిలీలను వరుసగా చెప్పే అంటోనిన్ దారిపట్టీలోనూ ఈ పేరు పక్కన ఆరో లీజియన్ ప్రస్తావన ఉంది.

నగరానికి వైభవం సెప్టిమియుస్ సెవెరుస్‌తో వచ్చింది. ఉత్తర ఆఫ్రికాలో పుట్టిన ఈ చక్రవర్తి 208లో బ్రిటన్‌కు వచ్చి, స్కాట్లండ్ మీద దండయాత్రలు సాగిస్తూ ఇక్కడి నుంచే సామ్రాజ్యాన్ని పాలించాడు. సెసీలియా అనే స్త్రీ బానిసల యాజమాన్యం గురించి పంపుకున్న అర్జీకి ఇచ్చిన తీర్పు 210 మే 5న ఎబొరాకుమ్‌లో వెలువడింది. మూడు శతాబ్దాల తర్వాత జస్టీనియన్ చక్రవర్తి కూర్చిన న్యాయసంహితలో అది ఊరి పేరుతో సహా చోటు సంపాదించింది. సెవెరుస్ 211 ఫిబ్రవరి 4న ఇక్కడే కన్నుమూశాడు. నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు అవురేలియుస్ విక్టర్ ఆ మరణం గురించి రాస్తూ ఎబొరాకుమ్‌ను మునికిపియుమ్, అంటే స్వపరిపాలన హక్కున్న పట్టణం అన్నాడు. బ్రిటన్‌ను రెండు రాష్ట్రాలుగా విడగొట్టినప్పుడు ఉత్తర రాష్ట్రానికి ఇదే రాజధాని అయింది.

237 నాటికి నగరం కొలోనియా అనే అత్యున్నత హోదా పొందింది. అందుకు సాక్ష్యం యార్క్‌లో కాక ఫ్రాన్సులోని బోర్డోలో ఉంది. మార్కుస్ అవురేలియుస్ లూనారిస్ అనే అతను ఎబొరాకుమ్, లిండుమ్ రెండు కొలోనియాల్లోనూ చక్రవర్తి ఆరాధనా మండలి సభ్యుడు. ఎబొరాకుమ్ నుంచి ఓడలో బయలుదేరుతూ క్షేమంగా చేరితే మొక్కు తీర్చుకుంటానని అనుకున్నాడు. బోర్డో చేరాక అక్కడి రక్షక దేవత టుటేలా బౌడిగా పేర బలిపీఠం నిలిపాడు. శాసనంలో ఆ ఏటి కాన్సుళ్ల, అంటే ఏటా మారే రోమన్ ఉన్నతాధికారుల పేర్లు కూడా చెక్కించడంతో సంవత్సరం కచ్చితంగా తెలిసింది. బలిపీఠం రాయి యార్క్‌షైర్‌లో దొరికే గరుకు ఇసుకరాయి. మొక్కుతో పాటు దాన్ని తీర్చే రాయిని కూడా ఓడలో తెచ్చుకున్నాడన్నమాట. 1921లో బయటపడిన ఈ బలిపీఠం రోమన్ బ్రిటన్ స్థలనామాలకు దొరికిన ఆధారాల్లో ఎంతో విలువైనది.

306 జులై 25న కాన్‌స్టాంటియుస్ చక్రవర్తి ఎబొరాకుమ్‌లో చనిపోగా, సైన్యం అతని కొడుకు కాన్‌స్టంటైన్‌ను అక్కడే చక్రవర్తిగా ప్రకటించింది. క్రైస్తవాన్ని ఆదరించిన తొలి రోమన్ చక్రవర్తి ఇతనే. 314లో గాల్‌లోని ఆర్ల్ నగరంలో జరిగిన మత మహాసభకు బ్రిటన్ నుంచి వెళ్లిన బిషప్పుల్లో ఎబొరాకుమ్ బిషప్పు ఒకడు. జాబితాలో అతని పేరు ఎబొరియుస్ అని ఉంది. ఊరి పేరు, మనిషి పేరు ఇంత దగ్గరగా ఉండడంతో ఇది నిజంగా అతని పేరేనా, నకలు రాసినవారి పొరపాటా అని పండితులు సందేహించారు.

ఎబొరాకుమ్ నుంచి యార్క్ దాకా

410 ప్రాంతంలో రోమన్ పాలన ముగిశాక రెండు వందల ఏళ్ల పాటు రాతల్లో నగరం జాడ దాదాపు లేదు.

ఈలోగా స్థానిక బ్రిటన్ల ఉచ్చారణ మారింది. అచ్చుల మధ్య వచ్చే ‘బ’కారం ‘వ’కారం వైపు జారింది. అందువల్ల కొత్తగా వచ్చిన ఆంగ్లో శాక్సన్ల చెవిన పడింది ఎబోర్ కాదు, ఎవోర్. వారి భాషలో ‘ఎయొఫొర్’ అంటే అడవిపంది. అందులోని ‘ఫ’ను పలికేది ‘వ’ లాగే. చివరి ‘ఆక్’ను వర్తక స్థావరాన్ని చెప్పే తమ ‘విక్’గా మార్చుకుని నగరాన్ని ఎయొఫొర్విక్ అన్నారు. యూ చెట్ల ఊరు అలా అడవిపందుల ఊరైంది.

చర్చి మాత్రం లాటిన్ రూపాన్ని వదల్లేదు. నార్తంబ్రియా రాజు ఎడ్విన్ 627 ఈస్టరు పండుగనాడు ఇక్కడ హడావుడిగా కట్టిన చెక్క చర్చిలో బాప్తిస్మం తీసుకున్నాడని రాసిన చరిత్రకారుడు బీడ్, 731లో పూర్తయిన తన చరిత్రలో నగరాన్ని లాటిన్ పేరుతోనే పేర్కొన్నాడు. 735లో యార్క్ ఆర్చిబిషప్పు పీఠమైంది. ఆ పీఠం బడిలో చదివి, అక్కడే గురువై, తర్వాత షార్లమేన్ ఆస్థానానికి వెళ్లిన అల్క్విన్ ఆ యుగపు మహా విద్వాంసుల్లో ఒకడు. తన నగరపు బిషప్పుల, రాజుల, పుణ్యపురుషుల మీద రాసిన దీర్ఘ లాటిన్ కావ్యంలో, ఎత్తయిన గోడలతో బురుజులతో ఈ నగరాన్ని మొదట కట్టింది రోమన్లేనని గర్వంగా చెప్పుకున్నాడు.

866 నవంబరు 1న డేన్ల, అంటే వైకింగుల సైన్యం నగరాన్ని పట్టుకుంది. వారి నోట ఎయొఫొర్విక్ కుదించుకుపోయి యోర్విక్ అయింది. ‘విక్’ వారికి కొత్త కాదు. నార్స్ భాషలో ‘వీక్’ అంటే సముద్రపు పాయ. కానీ వైకింగ్ రాజులు వెండి నాణేల మీద వేయించినది యోర్విక్ కాదు. 1840లో లాంకషైర్‌లోని క్యూర్‌డేల్ దగ్గర నది ఒడ్డున 7,000కు పైగా నాణేలతో దొరికిన నిధిలో ‘ఎబ్రాయికే కివిటాస్’ అని ముద్రించినవి ఉన్నాయి. అది ఎబొరాకుమ్ నగరం అనే అర్థమిచ్చే చెదిరిన లాటిన్. వాడుకలో ఒక పేరు, అధికార ముద్రలో ఇంకొకటి. చివరి వైకింగ్ రాజు ఎరిక్ బ్లడ్‌యాక్స్‌ను 954లో వెళ్లగొట్టారు. ఆ కాలపు జీవితం 1976 నుంచి 1981 దాకా నగరంలోని కాపర్‌గేట్ వీధిలో జరిగిన తవ్వకాల్లో బయటపడింది.

నార్మన్ల కాలంలో ఫ్రెంచి నోళ్లు ఎవర్విక్ అన్నాయి. 13వ శతాబ్దం నుంచి యార్క్ అనే రూపం కనిపిస్తుంది.

కల్పిత వ్యుత్పత్తులు

అసలు అర్థం మరుగునపడ్డాక కథలు పుట్టాయి. 1136 ప్రాంతంలో మన్మత్ వాసి జెఫ్రీ తన బ్రిటన్ రాజుల చరిత్రలో ఎబ్రౌకుస్ అనే రాజును సృష్టించాడు. యూదయలో దావీదు ఏలుతున్న రోజుల్లో ఇతను ఈ నగరాన్ని కట్టి తన పేరు పెట్టాడట. అతనికి ఇరవై మంది భార్యలు, ఇరవై మంది కొడుకులు, ముప్ఫై మంది కూతుళ్లు. చరిత్రగా ఇది నిలవకపోయినా నగరవాసులు దాన్ని మనసారా నమ్మారు. 1486లో ఏడో హెన్రీ నగరానికి వచ్చినప్పుడు స్వాగత ప్రదర్శనలో ఎబ్రాక్ రాజు వేషధారి ఎదురేగాడు.

1586లో బ్రిటానియా గ్రంథం వెలువరించిన విలియమ్ క్యామ్డెన్ రాజు కథను పక్కనపెట్టి యూర్ నది పేరులో మూలం వెతికాడు. ఆ వ్యుత్పత్తి ఇప్పుడు చెల్లదు. అయినా కల్పిత రాజును వదిలి భౌగోళిక కారణం కోసం చూడడం మంచి అడుగు. యార్క్‌లో శస్త్రవైద్యుడైన ఫ్రాన్సిస్ డ్రేక్ 1736లో ప్రచురించిన నగర చరిత్రకు ఎబొరాకుమ్ అనే పేరు పెట్టాడు. కెల్టిక్ భాషల తులనాత్మక అధ్యయనం పెరిగాక 20వ శతాబ్దంలో యూ చెట్టు అర్థం స్థిరపడింది. రివెట్, స్మిత్ అనే పండితులు కలిసి 1979లో ప్రచురించిన రోమన్ బ్రిటన్ స్థలనామాల గ్రంథం ఈ రంగంలో నేటికీ ప్రామాణికం.

తర్వాతి వాడుక

1664లో ఇంగ్లిష్ వారు డచ్చివారి నుంచి న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ను తీసుకుని, రాజు తమ్ముడు, యార్క్ డ్యూక్ జేమ్స్ పేరిట న్యూయార్క్ అన్నారు. లాటిన్ రాసేవారు దాన్ని నోవుమ్ ఎబొరాకుమ్ చేశారు. న్యూయార్క్ క్యాథలిక్ ఆర్చిడయోసిస్ లాటిన్ పేరులో ‘నియో ఎబొరాకెన్సిస్’ ఉంది. లిన్నేయుస్ 1753లో ఒక అమెరికన్ పూలమొక్కకు ‘నోవెబొరాకెన్సిస్’ అనే విశేషణం ఇచ్చాడు. నేడు అది వెర్నోనియా నోవెబొరాకెన్సిస్. ఒక పిట్ట శాస్త్రీయ నామంలోనూ ఇదే మాట ఉంది. కెల్టిక్ భాషలు పాత ధ్వనిని ఇంకా నిలుపుకున్నాయి: వెల్ష్‌లో యార్క్ ఎవ్రోగ్, న్యూయార్క్ ఎవ్రోగ్ నెవిద్.

యార్క్ ఆర్చిబిషప్పు నేటికీ ఇంటిపేరుకు బదులు ‘ఎబోర్’ అని సంతకం చేస్తారు. నగరంలో 1843లో మొదలైన గుర్రపు పందేనికీ ఎబోర్ అనే పేరు. 1979లో యార్క్ రైల్వే స్టేషను పక్కన కనిపించిన కొత్త కలుపు మొక్కకు 2003లో సెనేసియో ఎబొరాకెన్సిస్ అని పేరు పెట్టారు. స్థానిక జాతి ఒకటి, సిసిలీ నుంచి వచ్చి రైలు కట్టల వెంట వ్యాపించిన జాతి ఒకటి కలిసి పుట్టిన మొక్క ఇది. పేరు అందేనాటికే బయట ఎక్కడా కనబడకుండా పోయింది. దాచిన గింజలతో 2023లో దాన్ని మళ్లీ నగరంలో నాటారు.