61వ వీధి: చికాగో విశ్వవిద్యాలయం, దాని పొరుగువారు

చికాగో పేరు వినగానే తెలుగువారికి గుర్తుకొచ్చేది 1893 నాటి విశ్వమత మహాసభ, అందులో వివేకానందుడి ప్రసంగం. ఆ సభ నగరం నడిబొడ్డున జరిగింది. దానికి సందర్భమైన ప్రపంచ ప్రదర్శన మాత్రం కొన్ని మైళ్ళ దక్షిణాన, మిషిగన్ సరస్సు ఒడ్డున జరిగింది. ప్రపంచంలో మొట్టమొదటి ఫెర్రిస్ చక్రం తిరిగిన అక్కడి మిడ్‌వే ఇప్పుడు పొడవాటి పచ్చిక మైదానం. దానికి ఉత్తరాన హైడ్‌పార్క్‌లో రాక్‌ఫెల్లర్ విరాళంతో 1890లో స్థాపితమై, 1892లో పాఠాలు మొదలుపెట్టిన చికాగో విశ్వవిద్యాలయం ఉంది. దక్షిణాన వుడ్‌లాన్ అనే పేట ఉంది. ఈ ఇద్దరు పొరుగువారి నూరేళ్ళ సంబంధం ఒక విద్యాసంస్థ తన చుట్టూ ఉన్న మనుషులను ఎలా చూసిందో, చివరకు ఎవరు చెబితే విన్నదో తెలిపే చరిత్ర.

మొదటి ప్రపంచయుద్ధ కాలం నుంచి దక్షిణాది రాష్ట్రాల నల్లజాతివారు లక్షల సంఖ్యలో ఉత్తరాది నగరాలకు తరలివచ్చారు. చికాగోలో వారిని ఒక ఇరుకైన పట్టీకే పరిమితం చేసిన సాధనం నిర్బంధ ఒప్పందం. ఫలానా ఇంటిని నల్లజాతివారికి అమ్మబోమనీ, అద్దెకివ్వబోమనీ ఇంటి యజమానులు పరస్పరం రాసుకున్న పత్రమది. ఈ ఒప్పందాలను కాపాడేందుకు పనిచేసిన స్థానిక ఆస్తిదారుల సంఘాలకు విశ్వవిద్యాలయం 1930, 40 దశకాలలో ధనసహాయం చేసింది.

1937లో కార్ల్ హాన్స్‌బెర్రీ అనే నల్లజాతి వ్యాపారి ఆ నిషిద్ధ ప్రాంతంలో ఇల్లు కొన్నాడు. వ్యాజ్యం అమెరికా సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. 1940లో తీర్పు అతని పక్షాన వచ్చినా, అది సాంకేతిక కారణాల మీద ఇచ్చిన తీర్పే. ఇటువంటి ఒప్పందాలను న్యాయస్థానాలు అమలు చేయరాదని తేలడానికి 1948 దాకా ఆగవలసివచ్చింది. హాన్స్‌బెర్రీ కుమార్తె లొరెయిన్ ఆ ఇంటి అనుభవాన్ని మనసులో ఉంచుకొని రాసిన నాటకం ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ 1959లో బ్రాడ్‌వే రంగస్థలం ఎక్కింది.

ఇక్కడొక వైచిత్రి ఉంది. నగరాన్నే ప్రయోగశాలగా భావించి అధ్యయనం చేసిన సమాజశాస్త్రానికి ‘చికాగో సంప్రదాయం’ అనే పేరు తెచ్చింది ఈ విశ్వవిద్యాలయమే. రాబర్ట్ పార్క్, ఎర్నెస్ట్ బర్జెస్ వంటి ఆచార్యులు పేటపేటనూ పటాలలో గుర్తించారు. అక్కడే చదువుకున్న సెయింట్ క్లెయిర్ డ్రేక్, హొరేస్ కేటన్‌లు నల్లజాతి చికాగో గురించి 1945లో ‘బ్లాక్ మెట్రోపాలిస్’ అనే ఉద్గ్రంథం వెలువరించారు. పొరుగువారిని గురించి ఇంతగా తెలిసిన సంస్థ మరొకటి లేదన్నా అతిశయోక్తి కాదు. అయితే తరగతి గదిలోని ఆ జ్ఞానం పరిపాలనా భవనం దాకా చేరలేదు.

1950 దశకంలో ఒప్పందాల స్థానాన్ని ‘పట్టణ పునర్నిర్మాణం’ ఆక్రమించింది. విశ్వవిద్యాలయం చొరవతో 1952లో ఏర్పడిన సౌత్ ఈస్ట్ చికాగో కమిషన్ సారథ్యంలో హైడ్‌పార్క్‌లో పాత భవనాలు నేలమట్టమయ్యాయి. వేలాది కుటుంబాలు ఖాళీ చేయవలసివచ్చింది. వారిలో పేదలు, నల్లజాతివారే అధికం. విశ్వవిద్యాలయం ఊరు విడిచి శివార్లకు పోకుండా నిలవడానికి ఇది తప్పనిసరి అని అధికారులు వాదించారు. అది పూర్తిగా అబద్ధమూ కాదు. కానీ నిలబడినందుకు మూల్యం చెల్లించింది మరొకరు.

1960లో విశ్వవిద్యాలయం మిడ్‌వే దాటి, 60, 61వ వీధుల మధ్య దక్షిణ ప్రాంగణం నిర్మిస్తామని ప్రకటించినప్పుడు వుడ్‌లాన్ మౌనంగా ఊరుకోలేదు. చర్చీలు, వీధి సంఘాలు, చిన్న వ్యాపారులు కలిసి ‘ది వుడ్‌లాన్ ఆర్గనైజేషన్’గా ఏర్పడ్డారు. నాయకుడు ఆర్థర్ బ్రేజియర్ అనే పాస్టరు. సమీకరణ విద్య నేర్పినవాడు సాల్ అలిన్‌స్కీ. అతడు కూడా ఈ విశ్వవిద్యాలయంలో చదివినవాడే. 1963లో మేయర్ డేలీ సమక్షంలో రాజీ కుదిరింది. నిర్వాసితులకు ముందుగా తక్కువ అద్దె ఇళ్ళు కట్టాలని నిర్ణయించారు. 61వ వీధికి దక్షిణంగా విస్తరించబోమన్న మాట కూడా ఆ దశకంలోనే వచ్చింది.

ఆ గీత పేటను కూల్చివేత నుంచి కాపాడింది గాని క్షీణత నుంచి కాపాడలేదు. 1960లో 80 వేలు దాటిన వుడ్‌లాన్ జనాభా, ఉపాధి పోయి, ఇళ్ళు తగలబడి, 2000 నాటికి 30 వేల లోపుకు పడిపోయింది.

దాని ఫలితం వైద్యరంగంలో అతి స్పష్టంగా కనిపించింది. తీవ్రగాయాల చికిత్సలో నిమిషాలే ప్రాణాలు. లోపలి రక్తస్రావాన్ని దారిలో ఆపడం అంబులెన్సు సిబ్బందికి సాధ్యం కాదు. శస్త్రచికిత్స బల్లకు చేరేదాకా ఆ రక్తం కారుతూనే ఉంటుంది. నగరంలో 1986లో ట్రామా కేంద్రాల వ్యవస్థ ఏర్పడగా, ఆర్థిక నష్టాల కారణంగా విశ్వవిద్యాలయ ఆసుపత్రి 1988లో పెద్దల ట్రామా సేవల నుంచి తప్పుకుంది. పిల్లల విభాగం మాత్రం కొనసాగింది. తుపాకి గాయాలు అత్యధికంగా ఉన్న దక్షిణ చికాగోలో కొంతకాలానికి పెద్దలకు అటువంటి కేంద్రమే లేకుండా పోయింది.

2010 ఆగస్టులో 61వ వీధి దగ్గర 18 ఏళ్ళ యువకుడొకడికి తూటా తగిలింది. ఆసుపత్రి కొద్ది వీధుల దూరంలోనే ఉంది. అయినా నిబంధన ప్రకారం అంబులెన్సు అతణ్ణి మైళ్ళ అవతల ఉన్న నగర కేంద్రంలోని మరో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ అతడు మరణించాడు. పేట యువజన సంఘాన్ని నిర్మించినవారిలో అతడూ ఒకడు. సహచరులు ఆ మరణాన్ని ప్రశ్నగా మార్చారు. ఊరేగింపులు, బైఠాయింపులు, అరెస్టులు ఐదేళ్ళపాటు సాగాయి. ట్రామా కేంద్రానికి 5 మైళ్ళకు పైబడిన దూరంలో గాయపడినవారికి మరణావకాశం ఎక్కువని 2013లో చికాగో పరిశోధకులు చూపించారు. వీధిలో యువకులు అంటున్నదే పత్రికలో గణాంకమై వచ్చింది. 2015 డిసెంబరులో విశ్వవిద్యాలయం అంగీకరించింది. 2018 మే 1న కేంద్రం తెరుచుకుంది.

1960లో గాని, 2010లో గాని విశ్వవిద్యాలయానికి లోపించింది సమాచారం కాదు. పొరుగువాడిని అధ్యయన వస్తువుగా చూసినంత కాలం ఎన్ని పటాలు గీసినా గీత చెరగలేదు. అతడు బల్లకు ఎదురుగా కూర్చుని హక్కుగా అడిగినప్పుడే రెండుసార్లూ నిర్ణయం మారింది. మహానగరాలలోని పెద్ద ఆసుపత్రులలోనూ విశ్వవిద్యాలయాలలోనూ పనిచేసే తెలుగువారు నేడు అనేకులు. ప్రాంగణపు గోడకు అవతల వీధిలో ఉన్నవారికి ఆ తలుపు ఎంత దూరమో మైళ్ళలో కొలిస్తే తెలియదు.